డైనాకో స్టీరియో 70: ఏ పార్టు మారిస్తే పాట ఎంత మారింది

పాత ట్యూబ్ యాంప్లిఫయర్‌లో డబ్బు ఎక్కడ పెట్టాలని అడిగితే నేను చెప్పే వరుస ఇది. ముందు గోడ కరెంటును ట్యూబులకు కావాల్సిన డీసీగా మార్చే పవర్ సప్లై, తర్వాత ట్యూబులో ఎంత కరెంటు పారాలో నిర్ణయించే బయాస్, ఆ తర్వాత ఒక దశ నుంచి ఇంకో దశకు పాటను పంపే కప్లింగ్ కెపాసిటర్లు, అన్నిటికన్నా చివర ట్యూబులు. చాలామంది దీన్ని సరిగ్గా తలకిందులుగా చేస్తున్నారు. పాత ముల్లార్డ్ ట్యూబుల మీద వందల డాలర్లు పోస్తారు, అడుగున అరవై ఏళ్ల నాటి కెపాసిటర్లను మాత్రం ముట్టుకోరు. నా దగ్గరున్న డైనాకో స్టీరియో 70లో ఒక్కో భాగమే మారుస్తూ, మార్చిన ప్రతిసారీ అవే రికార్డులు వింటూ వచ్చాను. ఎక్కడ ఎంత తేడా వినిపించిందో రాస్తున్నాను.

ఈ యాంప్ పుట్టింది ఫిలడెల్ఫియాలో. డేవిడ్ హాఫ్లర్ నడిపిన డైనాకో కంపెనీ 1959లో దీన్ని కిట్‌గా తెచ్చింది. సుమారు 100 డాలర్లకు పెట్టె కొనుక్కుని ఇంట్లోనే సోల్డరింగ్ చేసుకుంటే, చానల్‌కు 35 వాట్లిచ్చే స్టీరియో యాంప్ తయారయ్యేది. చానల్‌కు రెండు ఈఎల్34 అవుట్‌పుట్ ట్యూబులు, వాటి ముందు వాటిని నడిపే 7199 డ్రైవర్ ట్యూబు ఒకటి, రెండు చానళ్లకూ కలిపి ఏసీని డీసీగా మార్చే జీజెడ్34 రెక్టిఫయర్ ట్యూబు ఒకటి, అంతే. సర్క్యూట్ చాలా చిన్నది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు మాత్రం ఆ ధరకు దొరకనంత మంచివి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలోంచి తీసిన తీగను ట్యూబు స్క్రీన్‌కు కలిపే అల్ట్రాలీనియర్ పద్ధతి గురించి 1951లోనే హెర్బర్ట్ కీరోస్‌తో కలిసి రాసిన మనిషి హాఫ్లర్. ట్రాన్స్‌ఫార్మర్ ఎలా చుట్టాలో ఆయనకు బాగా తెలుసు. ఇంత పాత యాంప్‌ను ఇవాళ బాగు చేసుకోవడం దండగ కాదా అంటే, ఆ ట్రాన్స్‌ఫార్మర్లు బాగున్నంత కాలం దండగ కాదు. మిగతావన్నీ కొత్తవి దొరుకుతాయి.

మేముండేది ఫిలడెల్ఫియాకు పడమటి వైపు శివార్లలో. ఈ చుట్టుపక్కల ఎస్టేట్ సేల్స్‌లో, అంటే పోయినవారి ఇంటి సామాన్ల అమ్మకాల్లో, డైనాకోలు అప్పుడప్పుడూ కనిపిస్తాయి. నాది అలా దొరికిందే. దాన్ని బిగించిన మనిషి ఎవరో గాని ఓపిక గలవాడు. వైర్లన్నీ కొలిచి కోసినట్టు ఉన్నాయి, ఒక్క సోల్డర్ చుక్క కూడా ఎక్కువా తక్కువా లేదు. లోపల అన్నీ అసలు పార్టులే. వినడానికి నా దగ్గరున్నవి పాత క్లిప్ష్ హెరెసీ స్పీకర్లు, టెక్నిక్స్ ఎస్ఎల్-1200 టర్న్‌టేబుల్, తెనాలి నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న నాన్నగారి రికార్డులు. ఈమని శంకరశాస్త్రి గారి వీణ, షేక్ చినమౌలానా గారి నాదస్వరం, బాలమురళీకృష్ణ గారి కచేరీ, ఘంటసాల గారి పద్యాలు. పరీక్షకు ఈ నాలుగూ చాలు. వీణలో మంద్రస్థాయి, నాదస్వరంలో పదును, కచేరీలో మృదంగం, పద్యంలో గొంతు. యాంప్‌లో ఏ లోపమున్నా ఈ నాలుగింటిలో ఎక్కడో ఒక చోట బయటపడుతుంది.

వోల్టేజీని కావాల్సినంత తగ్గించి పెంచే వేరియాక్ మీద దాన్ని మెల్లగా పెంచుతూ మొదటిసారి పాట పెట్టినప్పుడు గొంతు చాలా బాగుంది. ఈ పాత యాంపుల్లో మోసపోయేది ఇక్కడే. ఘంటసాల గారి గొంతు నిండుగా, వెచ్చగా వస్తుంది. ఇంకేం మార్చాలి అనిపిస్తుంది. మధ్య స్థాయిలో ఉండే గొంతుకు పవర్ సప్లై మీద పెద్ద భారం పడదు కాబట్టి అది బాగానే ఉంటుంది. మృదంగం తనియావర్తనం పెట్టగానే అసలు సంగతి తెలిసింది. ఎడమవైపు గుమ్కీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియకుండా ఒకదాని మీదికి ఒకటి పాకుతోంది. పాట ఆగితే అడుగున సన్నటి హమ్. నాదస్వరం పై స్థాయికి వెళ్లినప్పుడు వెనక డోలు వెనక్కి తగ్గిపోతోంది.

మొదట మార్చింది ఫిల్టర్ కెపాసిటర్. డైనాకోలో ఒకే అల్యూమినియం డబ్బాలో నాలుగు విభాగాలు ఉంటాయి, 30, 20, 20, 20 మైక్రోఫారడ్లు, 525 వోల్టులు. లోపలి ద్రవం ఎండిపోతే కెపాసిటీ పడిపోతుంది, హమ్ పెరుగుతుంది, పెద్ద దెబ్బ పడినప్పుడు ట్యూబులకు కావాల్సిన కరెంటు ఆ క్షణంలో అందదు. ఇప్పుడు అదే సైజులో 80, 40, 30, 20 విభాగాలతో కొత్త డబ్బా దొరుకుతోంది. ఒక జాగ్రత్త ఉంది. జీజెడ్34 తర్వాత వచ్చే మొదటి కెపాసిటర్ 60 మైక్రోఫారడ్లు దాటకూడదని ఆ ట్యూబు డేటాషీట్‌లోనే ఉంది. దాటితే స్విచ్ వేసిన ప్రతిసారీ రెక్టిఫయర్ మీద దెబ్బ పడుతుంది. అందుకని నేను 40ని చోక్‌కు (డీసీలో అలలను తగ్గించే తీగచుట్టకు) ముందు, 80ని చోక్ తర్వాత పెట్టాను. పనిలో పనిగా బయాస్ సప్లైలోని పాత సెలీనియం రెక్టిఫయర్ తీసేసి సిలికాన్ డయోడ్ వేశాను, దాని కెపాసిటర్లు రెండూ మార్చాను. బయాస్ వోల్టేజీ పోతే ఈఎల్34లు నిమిషాల్లో ఎర్రగా కాలిపోతాయి. ఆ చిన్న పార్టులు అంత ముఖ్యం.

మొత్తం పనిలో అన్నిటికన్నా పెద్ద మార్పు వచ్చింది ఇక్కడే. స్పీకర్ టెర్మినల్స్ మీద మీటర్ పెడితే హమ్ మూడో వంతుకు దిగింది. హెరెసీ లాంటి సెన్సిటివ్ స్పీకర్ల ముందు కూర్చున్నా ఇప్పుడు నిశ్శబ్దం నిశ్శబ్దంగానే ఉంది. మృదంగంలో ప్రతి దెబ్బకూ మొదలు, చివర వచ్చాయి. వేళ్లు తోలు మీద ఆగడం కూడా వినిపిస్తోంది. డోలు నాదస్వరానికి దారి ఇవ్వడం మానేసి పక్కనే నిలబడింది. వీణలో మరో సంగతి గమనించాను. శంకరశాస్త్రి గారు ఒక్కసారి మీటి, అదే మీటు మీద తీగను లాగుతూ నాలుగైదు స్వరాలు పలికిస్తారు. చివరి స్వరం చాలా సన్నగా ఉంటుంది. ఇంతకు ముందు అది హమ్‌లో కలిసిపోయేది. ఇప్పుడు పూర్తిగా ఆరిపోయేదాకా వినిపిస్తోంది. ఇది నా చెవి భ్రమ కాదు, హమ్ కిందికి దిగితే దాని కింద దాక్కున్నది బయటికి వస్తుంది. ఈ మొత్తానికి అయిన ఖర్చు ఒక మంచి ఈఎల్34 జత ఖర్చుకు అటూ ఇటూగా ఉంది.

తర్వాత బయాస్. అసలు డిజైన్‌లో ఒక చానల్‌లోని రెండు ఈఎల్34లకూ కలిపి 15.6 ఓం రెసిస్టర్ ఒకటే ఉంటుంది. దాని మీద 1.56 వోల్టులు వచ్చేలా పెట్టమని మాన్యువల్ చెబుతుంది. అంటే రెండింటికీ కలిపి 100 మిల్లీయాంపులు, సగటున ఒక్కో ట్యూబుకు 50. కానీ ఒకటి 60, ఇంకొకటి 40 లాగుతున్నా మీటర్‌లో అదే 1.56 కనిపిస్తుంది. రెండు ట్యూబులు పాటను చెరో వైపు మోసే ఈ పుష్ పుల్‌లో రెండు వైపులా కరెంటు సమానంగా లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ కోర్ ఒక వైపుకు అయస్కాంతమై కూర్చుంటుంది, బాస్‌లో వక్రత (డిస్టార్షన్) పెరుగుతుంది. అందుకే ఒక్కో ట్యూబు కేథోడ్‌కు విడిగా 10 ఓం రెసిస్టర్ వేశాను, నాలుగింటికీ బయాస్‌ను తిప్పి సరిచేసుకునే నాలుగు పాట్లు పెట్టాను.

ఎంత కరెంటు పెట్టాలన్నది కూడా చెప్పాలి. ప్లేట్ మీద దాదాపు 435 వోల్టులు ఉంటాయి. 50 మిల్లీయాంపుల దగ్గర ట్యూబు మోసేది 21 వాట్ల పైమాటే. ఈఎల్34 హద్దు 25 వాట్లు. పాత ముల్లార్డ్‌లు, టెలిఫుంకెన్‌లు దీన్ని ఏళ్ల తరబడి మోసేవి. ఇప్పటి ట్యూబులకు, పైగా ఇప్పటి గోడ కరెంటు అప్పటికన్నా ఎక్కువ కాబట్టి, నేను 40 దగ్గర పెట్టాను. అంటే ఒక్కో 10 ఓం రెసిస్టర్ మీద 0.4 వోల్టు. 50 నుంచి 40కి దించినప్పుడు శబ్దంలో నష్టమేమీ నాకు వినిపించలేదు. నాలుగూ సమానంగా ఉన్నప్పుడు, లేనప్పుడు తేడా మాత్రం స్పష్టంగా ఉంది. నాదస్వరంలో ఒక రకమైన గరుకుతనం ఉండేది, రికార్డు అరిగిపోయిందేమో అనుకునేంతగా. బయాస్ సరిచేశాక అది పోయింది. రికార్డు బాగానే ఉంది.

ఇక్కడే ఒక ఫిర్యాదు. మ్యాచ్ చేసిన నాలుగు ట్యూబులని డబ్బు తీసుకుని ఒక అమ్మకందారు పంపిన సెట్‌లో ఒకటి మిగతావాటికన్నా బాగా ఎక్కువ కరెంటు లాగింది. వెనక్కి పంపితే మార్చి ఇచ్చారు, కానీ విడివిడి రెసిస్టర్లు లేకపోతే ఆ విషయం నాకు తెలిసేదే కాదు. ట్యూబులు కొనే ముందు కొలిచే ఏర్పాటు చేసుకోండి.

కప్లింగ్ కెపాసిటర్ల దగ్గర వాదనలు ఎక్కువ. అందుకే ఇక్కడ పోలిక కొంచెం గట్టిగా చేశాను. స్టీరియో యాంప్‌లో రెండు చానళ్లూ ఒకే సర్క్యూట్. మా ఘంటసాల రికార్డులు మోనో. కాబట్టి ఎడమ చానల్‌లో మాత్రమే కెపాసిటర్లు మార్చి, కుడి చానల్‌ను అలాగే ఉంచి, రెండు అవుట్‌పుట్‌లనూ ఒక స్విచ్ ద్వారా ఒకే స్పీకర్‌కు ఇచ్చాను. వినిపించని చానల్‌కు 8 ఓం పవర్ రెసిస్టర్ తగిలించాను, ఎందుకంటే ట్యూబ్ యాంప్‌ను లోడ్ లేకుండా నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కే ప్రమాదం. స్విచ్ కూడా ఒక లోడ్ విడిచేలోపే ఇంకో లోడ్ తగిలే రకం. రెండు చానళ్ల వోల్టేజీనీ 400 హెర్ట్జ్ టోన్‌తో సమానం చేశాను. ఇది చేయకుండా పోల్చడం అనవసరం. రెండింటిలో కొంచెం గట్టిగా వినిపించేదే బాగుందని ఎవరి చెవైనా అంటుంది.

పాత కెపాసిటర్లకూ కొత్తవాటికీ తేడా పెద్దదే, దానికి కారణం కూడా తేలిగ్గా దొరికింది. ఈ కెపాసిటర్ పని డ్రైవర్ ప్లేట్ మీదున్న వందల వోల్టుల డీసీని ఆపి, పాటను మాత్రమే ఈఎల్34లో కరెంటును అదుపు చేసే గ్రిడ్‌కు పంపడం. పాతవాటి ఒక కొన విప్పి మీటర్ పెడితే అక్కడ డీసీ కనిపించింది, అంటే లీక్ అవుతున్నాయి. ఆ లీకేజీ బయాస్‌ను నెమ్మదిగా పాడుచేస్తుంది. ఇలాంటి కెపాసిటర్‌ను తీసేయడం ఆరోగ్యానికి సంబంధించిన సంగతి, రుచికి సంబంధించింది కాదు.

రుచి మొదలయ్యేది కొత్తవాటిలో దేన్ని ఎంచుకోవాలన్నప్పుడు. నేను పెట్టి చూసినవి రెండు. ఒకటి ఆరెంజ్ డ్రాప్, పాలీప్రొపిలీన్ రకం, కొన్ని డాలర్లకే దొరుకుతుంది. రెండోది సోవియట్ కాలం నాటి మిలిటరీ సరుకు, నూనెలో నానిన కాగితంతో చేసిన కే40వై-9. ఒక్కో చానల్‌లో ఒక్కో రకం పెట్టి స్విచ్ తిప్పుతూ విన్నాను. విజయవాడ నుంచి వచ్చి మాతో ఉన్న మా అత్తయ్యగారు చిన్నప్పుడు వీణ నేర్చుకున్నారు. ఆవిడను కూర్చోబెట్టి, ఏది ఏదో చెప్పకుండా వినిపించాను.

“ఈ రెండో దాంట్లో గొంతు కాస్త ముందుకొచ్చింది బాబూ. మొదటిదాంట్లో తాళం స్పష్టంగా ఉంది,” అన్నారు.

కాసేపయ్యాక వరుస మార్చి పెట్టాను. “ఇప్పుడు మీరు అటూ ఇటూ చేశారు కదూ” అని పట్టేశారు. మూడో రికార్డు దగ్గరికి వచ్చేసరికి మాత్రం “నాకు రెండూ ఒకటే అనిపిస్తున్నాయి, ఇంక పాట విననివ్వండి” అన్నారు. నా అనుభవం కూడా సరిగ్గా అంతే. తేడా ఉంది, సన్నది. కాగితం నూనెదానిలో గొంతు చుట్టూ కొంచెం మెత్తదనం, వయొలిన్ కమాను మొరటుతనం తగ్గడం. ఆరెంజ్ డ్రాప్‌లో తాళాల గలగల, మృదంగం కుడివైపు ‘నం’ అనే మోత కచ్చితంగా. రోజూ వినేది గాత్రం కాబట్టి నేను కే40వై-9లనే ఉంచుకున్నాను. ఒక్కోటి వంద డాలర్లు దాటే వెండి రేకు కెపాసిటర్లు ఈ యాంప్‌లో పెట్టమని మాత్రం ఎవరికీ చెప్పను. ఇంత సన్నని తేడా కోసం అంత డబ్బు పెట్టే బదులు రెండు అరుదైన రికార్డులు కొనుక్కోవచ్చు.

కప్లింగ్ కెపాసిటర్ విలువ పెంచితే బాస్ పెరుగుతుందని 0.1 తీసి 0.47 పెట్టేవాళ్లు ఉన్నారు. అవసరం లేదు. 0.1 మైక్రోఫారడ్‌కు 270 కిలో ఓముల గ్రిడ్ రెసిస్టర్ కలిస్తే కోత మొదలయ్యేది 6 హెర్ట్జ్ దగ్గర. మృదంగంలో గాని, మన స్పీకర్లలో గాని అంత కింద ఏమీ లేదు. పైగా ఈ యాంప్‌లో ఫీడ్‌బ్యాక్ ఉంది, అంటే అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి తప్పులు సరిచేసే ఏర్పాటు. కింది స్థాయిలో ఫేజ్ లెక్క మార్చేస్తే స్థిరత్వం దెబ్బతింటుంది, వంకర రికార్డు పెట్టినప్పుడు వూఫర్ కోన్ లోపలికీ బయటికీ ఊగడం మొదలవుతుంది.

కార్బన్ రెసిస్టర్లు కొన్ని విలువ పెరిగి కూర్చున్నాయి, రెండు చానళ్లూ సమానంగా ఉండాలని మెటల్ ఫిల్మ్‌వి వేశాను. పాట ఆగినప్పుడు వినిపించే సన్నని బుస తగ్గింది. అంతకు మించి చెప్పడానికి లేదు.

ఇక ట్యూబులు. స్లోవేకియాలో తయారయ్యే జేజే ఈఎల్34లు, రష్యాలో తయారయ్యే ఎలక్ట్రో హార్మోనిక్స్‌వి, ఒక స్నేహితుడు అరువిచ్చిన పాత ముల్లార్డ్‌లు, ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీవి. ప్రతిసారీ బయాస్ మళ్లీ కొలిచి 40కి పెట్టాకే విన్నాను. జేజే కింది స్థాయిలో దిట్టంగా ఉంది, పైన కొంచెం ముసుగు వేసినట్టు. ఎలక్ట్రో హార్మోనిక్స్ దానికన్నా తెరుచుకుని ఉంది, నాదస్వరానికి అది బాగా కుదిరింది. ముల్లార్డ్‌లు పెట్టిన సాయంత్రం బాలమురళి గారి కచేరీ మొత్తం ఆపకుండా విన్నాను. గొంతుకూ తంబురకూ మధ్య చోటు ఉంది, ఆ చోటు మిగతా రెండింటిలో నాకు అంతగా దొరకలేదు. ఇది నిజమే, దాచను. అయితే ఫిల్టర్ కెపాసిటర్ మార్చినప్పుడు వచ్చిన తేడాలో ఇది పదో వంతు కూడా కాదు. ధర మాత్రం ఎన్నో రెట్లు. ముల్లార్డ్‌లు స్నేహితుడికి తిరిగి ఇచ్చేశాను. ఇప్పుడు యాంప్‌లో ఉన్నవి ఎలక్ట్రో హార్మోనిక్స్.

డ్రైవర్ ట్యూబు సంగతి వేరు. 7199 పాత అమెరికన్ సరుకు అరుదైపోయింది, ధర మండిపోతోంది. పాత టీవీల కోసం చేసిన 6జీహెచ్8ఏ దీనికి దగ్గర చుట్టం, కాకపోతే కాళ్ల వరుస వేరు కాబట్టి అడాప్టర్ కావాలి. నా పాత 7199లు ఇంకా బాగున్నాయి, ఉంచేశాను. అవి పోయిన రోజున, మొత్తం డ్రైవర్ బోర్డునే మార్చి మూడు చిన్న ట్యూబులతో నడిపే వీటీఏ బోర్డు వేసుకుంటాను. న్యూజెర్సీలో ఉన్న ఒక మిత్రుడి యాంప్‌లో అది విన్నాను. నా దానికన్నా శుభ్రంగా, వేగంగా ఉంది. కచేరీలో వెనక కూర్చున్న ఘటం కూడా విడిగా తెలుస్తోంది. పద్యం మాత్రం నాకు పాత బోర్డు మీదే బాగుంది.

రెక్టిఫయర్ ట్యూబు తీసి దాని చోట సాలిడ్ స్టేట్ ప్లగ్ పెట్టమని కొందరు సలహా ఇస్తారు. పెట్టి విన్నాను, బాస్ కొంచెం బిగుసుకుంది. కానీ స్విచ్ వేయగానే, ఈఎల్34లు ఇంకా వేడెక్కకముందే, హై వోల్టేజీ అంతా కెపాసిటర్ల మీద పడుతుంది. జీజెడ్34 నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా వోల్టేజీ ఇస్తుంది. యాంప్ ఎక్కువ కాలం బతకాలంటే ఆ నెమ్మది కావాలి. ట్యూబే వాడుతున్నాను.

ఇవన్నీ చేసే ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్లగ్ తీసేసినా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ మిగిలి ఉండొచ్చు. రెసిస్టర్ ద్వారా డిశ్చార్జ్ చేసి, మీటర్‌తో సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి. లోపల కొలిచేటప్పుడు ఒక చెయ్యి వెనక్కి పెట్టుకోవాలి. ఈ పని అలవాటు లేకపోతే తెలిసిన టెక్నీషియన్‌కు ఇవ్వండి, ఆ ఖర్చుకు వెనకాడొద్దు.

హైదరాబాద్‌కో విజయవాడకో డైనాకో తీసుకెళ్లాలనుకునేవాళ్లు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా లెక్కలో వేసుకోవాలి. యాంప్ ఫ్యూజే 3 యాంపుల స్లో బ్లో, కాబట్టి 230 నుంచి 120కి దించే 500 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుంటే నిశ్చింత. మన 50 హెర్ట్జ్ మీద పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడికన్నా కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది. చుట్టూ గాలి ఆడే చోట పెట్టండి, మూసిన షెల్ఫ్‌లో వద్దు. దించాక వచ్చే వోల్టేజీ 120 దాటుతోందేమో కొలిచి చూసుకుని, అప్పుడు బయాస్ మళ్లీ సరిచేసుకోండి.